సభ్యులకు పాఠం: పూర్వుల విందులు, పశువులు, పాలు



అరకు లోయలో ఒక సమావేశానికి పోయినపుడు ఒక పెద్దాయన, "మా తాతల నాడు ఆవును పితికేవారు కారండీ, ఆ పాలు దూడవి" అన్నారు. వింత మాటేమీ కాదు. ఈ తూర్పు కనుమల్లో పలు తెగలవారు పశువులను దుక్కికి, పేడకు, పండుగ విందుకు పెంచినారే గాని పాలకు కాదు. మరి పాడి ఎంత పాతది? నేలను త్రవ్వి చూచినవారు ఏమి కనుగొన్నారు?

ముందుగా దొరికేది విందు. కర్ణాటకలోని బుదిహాళ్ వద్ద 1990 దశకంలో ఆచార్య కె. పద్దయ్యగారు త్రవ్వగా, నవీన శిలాయుగంలో పశువులను కోసిన నేల, ఎముకలతో, రాతి పనిముట్లతో సహా బయటపడినది. ఒక కుటుంబం తినగలిగినంత కాదది, చాలమంది కూడి చేసికొన్న విందు అని వారి అభిప్రాయము.

మన తెలుగు నేలపై మక్తల్ దగ్గర ఉట్నూరు (ఆదిలాబాదు వైపుది కాదు) బూడిద దిబ్బను 1957లో ఆల్చిన్ త్రవ్వినారు. అది పశువుల దొడ్డి. పోగుపడిన పేడను పలుమార్లు కాల్చగా దిబ్బ అయినది. ఆ పొరల్లో పశువుల గిట్టల ముద్రలు నాలుగు వేల ఏండ్లు దాటినా చెరగలేదు! అంత ఎరువును తగులబెట్టుట మనకు నష్టముగా తోచును. ఆల్చిన్ మాత్రము దానిని నేటి పండుగ మంటలతో పోల్చినారు.

అరకుకు సరిహద్దు ఆవల కోరాపుట్ గదబలు గతించినవారి పేర దున్నపోతులనిచ్చి, బంధువులను పిలిచి, రాళ్లు నిలిపే గోతర్ విందును హైమన్‌డార్ఫ్ 1943లో వర్ణించినారు. రాయి నిలుచును, ఎముక నిలుచును. పాలకు ఎముక లేదు గదా!

అయినను పాలను పట్టుటకు రెండు దారులు కలవు. పోతుదూడలను లేతగానే తగ్గించి ఆడపశువులను ముసలితనం వరకు ఉంచిన మంద అయితే పాడి ఉండినదని ఎముకల వయస్సును బట్టి ఊహింతురు. రెండవది కుండ. మట్టి గోడలోకి ఇంకిన పాల కొవ్వు వేల ఏండ్లు నిలుచును. గుజరాత్‌లోని కొటడా భడ్లీలో సుమారు 4,500 ఏండ్ల నాటి పెంకులలో పాల కొవ్వును గుర్తించినట్లు 2020లో ప్రకటించినారు.

మట్టికుండలో పాలు కేంద్రానికి తేవద్దని మేము చెప్పుటకు కారణమూ ఇదే. ఇంకిన కొవ్వు కడిగినా పోదు, మరునాటి పాలు అందులో పులిసిపోవును.

పెద్దాయనకు ఇదంతా చెప్పగా, తమ ఇంటి పాత కుండలు త్రవ్వితే జీలుగు కల్లు, అంబలి తప్ప మరేమీ దొరకవని నవ్వినారు.