ఉప్పులోని అయానులు – ఉద్దానమునకు ఒక హెచ్చరిక

మా శ్రీకాకుళం జిల్లా నౌపడ మళ్ళలో పండు ఉప్పును ఎరుగని వారుండరు. నీటిలో వేసినంతనే అది కంటికి కనరాదు. రుచి మాత్రము నిలిచియుండును. ఉప్పు నీటిలో అయానులుగా విడిపోవుటయే ఇందుకు కారణము. ఉద్దానమున మూత్రపిండ వ్యాధి మిక్కుటముగా ఉన్నందున ఈ విషయమును మనవారు తప్పక తెలిసికొనవలెను.

1869లో మెండలీఫ్ ప్రకటించిన ఆవర్తన పట్టికలో నేడు నిలువు వరుసలను గ్రూపులందురు. ఒకే గ్రూపులోని మూలకముల స్వభావము ఇంచుమించు ఒకటే. మొదటి గ్రూపులోని సోడియం (2, 8, 1), పొటాషియం (2, 8, 8, 1) రెండింటికిని వెలుపలి కక్ష్యలో ఒక్కటే ఎలక్ట్రాను. దానిని వదలుకొని అవి ఒక ధనావేశము గల అయానులగును. రెండవ గ్రూపులోని మెగ్నీషియం, కాల్షియం రెండేసి వదలును. 17వ గ్రూపులోని క్లోరిన్ (2, 8, 7) ఒకటి గ్రహించి, ఎనిమిదిని పూర్తి చేసికొని, ఋణావేశము గల క్లోరైడగును. 18వ గ్రూపు వాయువులకు వెలుపలి కక్ష్య నిండియుండుటచే సాధారణముగా ఇచ్చుటయు లేదు, పుచ్చుకొనుటయు లేదు.

మన శాస్త్రమందలి క్షారద్వయము కూడ మొదటి గ్రూపునకు చెందినదే. సర్జక్షారములో సోడియం, యవక్షారములో పొటాషియం ప్రధానము. గురువుగారి సన్నిధిలో ఈ రెంటి గుణములను వేర్వేరుగా నేర్చితిని. ఇవి ఒకే గ్రూపువన్న సంగతి పిదప తెలిసికొంటిని. అన్నదమ్ములైనను వీని పనులు వేరు. శరీరమున సోడియం కణముల వెలుపల, పొటాషియం కణముల లోపల అధికము. రక్తములో పొటాషియం లీటరుకు సుమారు 3.5 నుండి 5 మిల్లీమోలులు ఉండవలెను. మించిన దానిని మూత్రపిండములు విసర్జించును. అవి చెడినచో పొటాషియం పేరుకొని గుండె లయ తప్పును, ప్రాణాపాయము కలుగును.

కావున మూత్రపిండ వ్యాధిగ్రస్తులు గమనింపవలసినవి:

1. సోడియం తక్కువయని అమ్ము ఉప్పులలో తరచు పొటాషియం క్లోరైడు కలిసియుండును. వైద్యుని అడుగక వాడరాదు.

2. కొబ్బరినీటిలో పొటాషియం మెండు. పెరటి చెట్టుదే కదాయని త్రాగరాదు.

3. సైంధవ లవణము కూడ ప్రధానముగా సోడియం క్లోరైడే. రక్తపోటు గలవారికి అది నిరపాయమనుకొనుట పొరపాటు.

4. యవక్షారము చేరిన మందులను స్వయముగా సేవింపరాదు.

పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రము, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైనవి. నా యొద్దకు వచ్చు ఉద్దానపు రోగులకు నేను మొదట చెప్పునది ఒక్కటే: ముందు రక్తపరీక్ష, పిదపనే ఔషధము.