కారు అద్దాల ఫిల్ము: రేడియో తరంగాలు, చట్టం, మన భద్రత

వేసవి సమీపించగానే కారు అద్దాలకు ఫిల్ము వేయించుకోవాలన్న ఆలోచన చాలామందికి కలుగుతుంది. ఎండ తీవ్రత తగ్గుతుందని, ఏసీకి భారం తగ్గుతుందని, లోపలివారు బయటికి కనబడరని దుకాణదారులు చెబుతారు. అదే ఫిల్ము రేడియో తరంగాలను కూడా అడ్డగించవచ్చుననే సంగతి గాని, అది చట్టసమ్మతమా కాదా అనే సంగతి గాని ఆ బేరంలో సాధారణంగా ప్రస్తావనకు రావు. హోసూరు, కృష్ణగిరి, బెంగళూరుల మధ్య తరచు ప్రయాణించే మన కుటుంబాలు డబ్బు వెచ్చించే ముందు తెలుసుకోదగిన విషయాలను ఈ పాఠంలో వివరిస్తున్నాము.

1. ఫిల్ములోని పదార్థం

కారు ఫిల్ములన్నీ చూపుకు ఒకే విధంగా నల్లగా కనబడినా, వాటి నిర్మాణంలో భేదమున్నది. మొదటి రకం రంగు ఫిల్ము. పలుచని ప్లాస్టిక్ పొరలో రంగును కలిపి దీనిని తయారుచేస్తారు. రెండవది లోహపు పూత గల ఫిల్ము. ఇందులో అల్యూమినియం వంటి లోహాన్ని అతి సూక్ష్మమైన పొరగా పూస్తారు. ఆ పొర మందాన్ని నానోమీటర్లలో, అంటే మీటరులో వందకోట్లవ వంతులలో కొలుస్తారు. మూడవది సిరామిక్ ఫిల్ము. ఇందులో వేడిని అడ్డుకొనే సూక్ష్మకణాలు ఒకదానికొకటి తాకకుండా ప్లాస్టిక్‌లో చెదరి ఉంటాయి.

సూర్యుని నుండి వచ్చే శక్తిలో దాదాపు సగం కంటికి కనబడని పరారుణ కిరణాల రూపంలో ఉంటుంది. లోహపు పూత ఈ కిరణాలను వెనుకకు తిప్పికొడుతుంది గనుక వేడిని బాగా తగ్గిస్తుంది. అయితే కాంతి, పరారుణ కిరణాలు, రేడియో తరంగాలు ఒకే జాతికి చెందిన విద్యుదయస్కాంత తరంగాలు. వేడిని తిప్పికొట్టే లోహపు పొర రేడియో తరంగాలను కూడా తిప్పికొడుతుంది. అంత పలుచని పొరకు ఆ శక్తి ఎక్కడిదని సందేహం కలుగవచ్చు. తరంగాన్ని ఆపడానికి మందం ఒక్కటే ప్రధానం కాదు. పొర అంతటా విద్యుత్తు ఎడతెగకుండా ప్రవహించగలిగితే చాలు, తరంగంలో ఎక్కువ భాగం పరావర్తనం చెందుతుంది. రంగు ఫిల్ములో లోహం లేదు. సిరామిక్ ఫిల్ములో కణాలు విడివిడిగా ఉన్నందున ప్రవాహానికి దారి లేదు. అందువల్ల ఆ రెండూ రేడియోకు చెప్పుకోదగిన ఆటంకం కలిగించవు.

2. లోహపు పెట్టెకు కిటికీలే ద్వారాలు

లోహంతో కప్పిన గదిలోనికి బయటి విద్యుత్ ప్రభావం చేరదని మైకేల్ ఫారడే 1836లో ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. కారు కూడా ఒక విధంగా అటువంటి లోహపు గదియే. అద్దాలు మాత్రమే అందులో తెరచిన ద్వారాలు. సాధారణమైన గాజు రేడియో తరంగాలను దాదాపు యథాతథంగా లోపలికి పంపుతుంది. అన్ని అద్దాలకూ లోహపు ఫిల్ము అంటిస్తే ఆ ద్వారాలు మూసుకొన్నట్లే. పక్క అద్దాలకు మాత్రమే అంటిస్తే, ముందు అద్దం గుండా తరంగాలు వస్తూనే ఉంటాయి. సంకేతం బలహీనపడుతుంది గాని పూర్తిగా తెగిపోదు.

ద్వారం పరిమాణానికీ తరంగదైర్ఘ్యానికీ సంబంధమున్నది. బెంగళూరు ఆకాశవాణి మీడియం వేవ్ కేంద్రం 612 కిలోహెర్ట్జ్‌పై ప్రసారం చేస్తుంది. ఆ తరంగం పొడవు సుమారు 490 మీటర్లు. ఎఫ్.ఎం. తరంగం పొడవు సుమారు 3 మీటర్లు. ఈ రెండూ కారు కిటికీ కంటే పెద్దవి గనుక ఫిల్ము లేని కారులోకూడా బలహీనంగానే ప్రవేశిస్తాయి. జీపీఎస్ తరంగం పొడవు సుమారు 19 సెంటీమీటర్లు. అది కిటికీ గుండా సులభంగా వస్తుంది గాని, ఉపగ్రహం నుండి వచ్చేసరికే అతి క్షీణమై ఉంటుంది. అందుచేత ఫిల్ము వల్ల కలిగే కొద్ది నష్టమైనా దారి చూపే ఫోనులో తడబాటుగా బయటపడవచ్చు.

3. యాంటెన్నా ఎక్కడ ఉన్నది?

ఫిల్ము వల్ల మీ కారు రేడియో దెబ్బతింటుందా లేదా అన్నది ఈ ఒక్క ప్రశ్నపై ఆధారపడి ఉంటుంది. పైకప్పు మీద కడ్డీగానో, చేప రెక్క ఆకారంలోనో యాంటెన్నా ఉంటే, అది కారు వెలుపలనే తరంగాలను గ్రహిస్తుంది. అద్దాలకు ఏ ఫిల్ము అంటించినా దానికి తేడా ఉండదు. కొన్ని కార్లలో వెనుక అద్దంపై ముద్రించిన సన్నని గీతలలోనే యాంటెన్నా ఇమిడి ఉంటుంది. ఆ గీతలపై లోహపు పొర పడితే రేడియో గట్టిగా దెబ్బతింటుంది. తరువాత ఫిల్మును పెరికివేసే ప్రయత్నంలో గీతలే తెగిపోయే ప్రమాదం కూడా ఉన్నది.

ఊరుగాని ఊరిలో ఉన్న తెలుగువారు విజయవాడ, హైదరాబాదు కేంద్రాల కార్యక్రమాలను ఆకాశవాణి వారి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్ ద్వారా వినవచ్చు. అప్పుడు యాంటెన్నా కారు లోపల ఉన్న ఫోనులోనే ఉంటుంది. లోహపు ఫిల్ము ఆటంకమైతే, టవరును అందుకోవడానికి ఫోను అధిక శక్తిని వినియోగిస్తుంది. బ్యాటరీ త్వరగా తరుగుతుంది. ప్రమాద సమయంలో 112కు పిలుపు వెళ్లవలసింది కూడా ఆ ఫోను నుండే.

ముందు అద్దం లోపలివైపు అంటించే ఫాస్టాగ్ సైతం ఒక రేడియో పరికరమే. అది 865 నుండి 867 మెగాహెర్ట్జ్ వరకు గల తరంగాలపై పనిచేస్తుంది. ట్యాగుకూ టోల్ ప్లాజాలోని యంత్రానికీ నడుమ లోహపు పొర ఉంటే చదవడం కష్టమవుతుంది. వేడిని తిప్పికొట్టే ముందు అద్దంతో వచ్చే కొన్ని కార్లలో ట్యాగు కోసం తయారీదారు ప్రత్యేకంగా పూతలేని చోటు విడిచిపెడతాడు. కారు చేతిపుస్తకంలో ఆ చోటు సూచించబడి ఉంటుంది. కృష్ణగిరి టోల్ ప్లాజా వద్ద ట్యాగు చదవబడకపోతే, అధిక రుసుము చెల్లించవలసిరావచ్చునని మరువరాదు.

4. నేరమంతా ఫిల్ముదేనా?

హోసూరు నుండి 44వ జాతీయ రహదారిపై కృష్ణగిరికి వెళ్లేవారికి దారిలో బెంగళూరు స్టేషన్లు క్రమంగా తగ్గిపోవడం అనుభవమే. కొత్తగా ఫిల్ము వేయించినవారు తప్పు దానిపైకి నెడతారు. నిజానికి ఎఫ్.ఎం. తరంగాలు దాదాపు చూపు ఆనే మేరకే ప్రయాణిస్తాయి. హోసూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. శూలగిరి దాటి దిగువకు సాగినకొద్దీ పీఠభూమి అంచు, కొండలు అడ్డువస్తాయి. బెంగళూరు వివిధ భారతి 102.9 మెగాహెర్ట్జ్‌పై వినబడడం మానివేసిన చోట, ధర్మపురి ఆకాశవాణి 102.5పై స్పష్టంగా వినబడవచ్చు. అది భూగోళం చేసిన మార్పు. నాసిరకం ఫోను చార్జర్లు, డాష్ కెమెరాలు కూడా రేడియోలో గరగర శబ్దాన్ని పుట్టిస్తాయి.

కారణాన్ని గుర్తించడానికి ఈ పరీక్ష చాలు. కారును ఒక బహిరంగ ప్రదేశంలో నిలపండి. ముందుగా చార్జరు, కెమెరా మొదలైనవాటి తీగలు తీసివేసి రేడియో వినండి. శబ్దం తొలగితే లోపం వాటిదే. తొలగకపోతే, చేతి రేడియోను గాని ఇయర్‌ఫోను తగిలించిన ఎఫ్.ఎం. ఫోనును గాని సీటుపై ఉంచి, అద్దాలు మూసి ఒకసారి, దించి ఒకసారి అదే స్టేషనును వినండి. అద్దాలు దించినప్పుడు మాత్రమే స్పష్టత వస్తే ఫిల్ములో లోహమున్నట్లు భావించవచ్చు.

5. చట్టం ఏమి చెబుతున్నది?

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 100వ నియమం ప్రకారం ముందు, వెనుక అద్దాలు కనీసం 70 శాతం, పక్క అద్దాలు కనీసం 50 శాతం దృశ్యకాంతిని పంపాలి. అవిషేక్ గోయెంకా వేసిన వ్యాజ్యంలో సర్వోన్నత న్యాయస్థానం 2012 ఏప్రిల్ 27న తీర్పు ఇస్తూ, అద్దాలపై ఎంత శాతం గల ఫిల్మునైనా అంటించడాన్ని నిషేధించింది. నల్ల అద్దాల చాటున జరిగే నేరాలను న్యాయస్థానం పరిగణనలోనికి తీసుకొన్నది. ఆ నిషేధం 2012 మే 4 నుండి అమలులోకి వచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుండి సవరించిన నియమం ప్లాస్టిక్ పొర గల భద్రతా అద్దాలను కూడా గుర్తించింది. దాని ఆధారంగా, నిర్ణీత ప్రమాణాలకు లోబడిన ఫిల్మును వాడవచ్చునని కేరళ ఉన్నత న్యాయస్థానం 2024 సెప్టెంబరులో పేర్కొన్నది. ఆ తీర్పు సైతం 70, 50 శాతాల హద్దును సడలించలేదు. తమిళనాడు, కర్ణాటకల సరిహద్దును దాటి ప్రయాణించే మనకు కర్మాగారం నుండి వచ్చిన అద్దాన్ని అలాగే ఉంచుకోవడమే నిశ్చింత. ఉల్లంఘనకు మోటారు వాహనాల చట్టం 177వ సెక్షను కింద జరిమానా ఉన్నది.

ఇక్కడ ఒక లెక్కను గమనించాలి. “ఇది 60 శాతం ఫిల్ము, చట్టానికి లోబడినదే” అని విక్రేత చెప్పవచ్చు. పక్క అద్దం తానుగా 75 శాతం కాంతిని పంపుతుందనుకొందాం. ఆ 75లో 60 శాతం మాత్రమే ఫిల్మును దాటుతుంది. అంటే లోపలికి చేరేది 45 శాతం. హద్దు 50 గనుక అది ఉల్లంఘనే. రాత్రివేళ లారీల నడుమ నడిచే కారులో పక్కనుండి వచ్చే ద్విచక్రవాహనాన్ని చూడవలసిన చోదకునికి ఆ తగ్గిన కాంతి ప్రాణసంకటం కావచ్చు.

ఎండ బాధకు ఇతర ఉపాయాలున్నాయి. నీడన నిలపడం, నిలిపిన సమయంలో ముందు అద్దానికి అడ్డుతెర పెట్టడం, బయలుదేరే ముందు తలుపులు తెరచి వేడిగాలిని పోనివ్వడం ఖర్చు లేనివి.

అభ్యాసం

1. మీ కారు యాంటెన్నా ఏ చోట ఉన్నదో చూసి, లోహపు ఫిల్ము వల్ల దానికి హాని కలుగుతుందో లేదో నిర్ణయించండి.
2. 75 శాతం కాంతిని పంపే ముందు అద్దంపై 90 శాతం పంపే ఫిల్ము అంటిస్తే ఎంత మిగులుతుంది? అది నియమానికి లోబడినదేనా? (జవాబు: 67.5 శాతం. లోబడినది కాదు.)
3. వేడిని దాదాపు సమానంగా తగ్గించే రెండు ఫిల్ములలో ఒకటి ఫోను సంకేతాన్ని తగ్గించి, రెండవది తగ్గించకపోవడానికి కారణమేమిటో ఇంటిలోని పిల్లలకు మీ మాటలలో వివరించండి.