మూసిన తలుపు, 413 నంబర్ జామాయిల్

ఇన్నోవేషన్‌కి ప్రభుత్వం ఏం చేస్తుంది అంటే మనకి ముందు బిల్డింగ్ గుర్తొస్తుంది. 2015లో హైదరాబాద్‌లో టీ-హబ్, 2020 డిసెంబరులో మన ఖమ్మంలో ఐటీ హబ్. చోటు వాళ్లిస్తారు, ఐడియా మనం తెచ్చుకోవాలి. కానీ మా వైపు పొలాల్లోకి వచ్చిన పెద్ద ఇన్నోవేషన్ అలా పుట్టలేదు. ప్రభుత్వం ఇస్తున్నది ఆపేస్తే పుట్టింది.

భద్రాచలంలో గోదావరి బ్రిడ్జి దాటితే సారపాక. అక్కడి పేపర్ మిల్లుకి మొదట్లో వెదురు, కలప అడవి నుంచి వచ్చేవి. 1988 జాతీయ అటవీ విధానం ఆ పద్ధతి వద్దంది. పరిశ్రమలు కలపను రైతులతో పెంచించుకోవాలి, అడవి సరుకు చౌకగా ఇవ్వకూడదు అని. చుట్టూ అడవి, మధ్యలో మిల్లు. ఇక చూడండి.

రైతులు జామాయిల్ వేయొచ్చు, కానీ గింజతోనే చిక్కు. పుప్పొడి ఏ చెట్టు నుంచైనా రావచ్చు కాబట్టి ఏ రెండు మొక్కలూ ఒకేలా రావు. ఒకటి లావు, పక్కది బక్క. (మన ప్రోగ్రాముల్లో రాండమ్ సీడ్ లాంటిదే, కాకపోతే రిజల్ట్ చూడ్డానికి నాలుగేళ్లు ఆగాలి!) అందుకే 1989లో మిల్లు క్లోనింగ్ పరిశోధన మొదలుపెట్టింది. తోటల్లో మంచి చెట్టుని వెతికి, నరికి, మోడుకి వచ్చిన లేత కొమ్మలు కోసి, వేళ్లు పుట్టించే హార్మోన్ పౌడర్‌లో ముంచి, మంచులా నీళ్లు చల్లే గదిలో పెట్టడం. వేళ్లొచ్చాక పొలాల్లో ఏళ్ల తరబడి పరీక్ష. నెగ్గినవాటికి నంబర్లు: 3, 7, 10, 413. దిగుబడి గింజ మొక్కల కంటే రెండింతలు దాటింది. ఇవే 'భద్రాచలం క్లోన్లు'.

అలాగని తలుపు మూస్తే చాలు అననుగానీ. ఏళ్లపాటు ఫలితం లేకుండా ఖర్చు పెట్టగల మిల్లు కాబట్టి తట్టుకుంది. భద్రాచలంలో చిరుధాన్యాల బిస్కెట్లు చేసే ఆడవాళ్ల గ్రూపు అలా ఆగలేదు. వాళ్లకి శిక్షణ, యంత్రం, మొదట కొనేవాడు కావాలి. ఐటీ హబ్‌లో కూర్చునే మనకీ బహుశా ఆ మూడోదే కావాలి. వైఫై ఎలాగూ ఉంది.

మా తాతయ్యకి బూర్గంపాడు వైపు రెండెకరాల జామాయిల్ ఉంది. నా ఫస్ట్ ఇయర్ ఫీజు అందులోదే. నాలుగేళ్లు పైసా కనిపించదు, అందుకే చిన్న రైతుకి ఇది భయమే. మొన్న సెలవులకి వెళ్తే మోళ్లన్నీ చిగురించాయి. వీటినే వదిలేస్తే మళ్లీ నాటకుండానే ఇంకో కోత. కానీ తాతయ్య పీకించేద్దామా అని చూస్తున్నాడు. "కంప్యూటర్ చదువుతున్నావుగా, ఈసారి ఏ నంబరెయ్యాలో చూసి చెప్పరా" అన్నాడు.