పెట్రోలు కార్టా? విద్యుత్ కార్టా? లెక్క కట్టి చూద్దాం

నాలుగు చిన్న చక్రాలు, నేలకు బెత్తెడు ఎత్తులో ఇనుప గొట్టాల చట్రం, దానిమీద ఒక సీటు, చేతిలో స్టీరింగు, ప్రక్కన ఒక చిన్న ఇంజను. ఇదే గో-కార్ట్. కారుకుండే హంగులేవీ దీనికి ఉండవు. పైకప్పు లేదు, తలుపులు లేవు, గతుకులను ఓర్చుకొనే స్ప్రింగులు కూడా లేవు. వెనుక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. ఇంజను ఒక గొలుసు ద్వారా ఆ ఇరుసును త్రిప్పుతుంది. హైదరాబాదు శివార్లలోని ట్రాకులపై వీటిని మీలో కొందరు చూసే ఉంటారు.

1956లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ మొదటి కార్టును తయారుచేశాడు. ఆయన రేసు కార్లు చేసే సంస్థలో పనిచేసేవాడు. గడ్డి కోసే యంత్రానికి ఉద్దేశించిన చిన్న టూ-స్ట్రోక్ పెట్రోలు ఇంజనును గొట్టాల చట్రానికి బిగించాడు. ఆనాటినుంచి ఎన్నో ఏళ్ళపాటు కార్ట్ అంటే పెట్రోలు కార్టే. ఇప్పుడు బ్యాటరీతో నడిచే కార్టులు కూడా చాలా ట్రాకుల మీద తిరుగుతున్నాయి.

ఈ రెండింటిలో ఏది మంచిది? ఈ ప్రశ్నకు కొందరు "పెట్రోలే" అంటారు, కొందరు "విద్యుత్తే" అంటారు. మనం ఎవరి పక్షమూ వహించక, కాగితం, పెన్సిలు తీసుకొని లెక్క కట్టి చూద్దాం.

ఇంజను, మోటారు: ఏది గట్టిది?

పెట్రోలు ఇంజనులో ఇంధనం మండుతుంది. పుట్టిన వేడికి వాయువులు వ్యాకోచించి పిస్టనును నెడతాయి. కాని పుట్టిన వేడిలో ఎక్కువ భాగం పనిగా మారదు. పొగతోపాటు కొంత, ఇంజను రెక్కలనుంచి గాలిలోకి కొంత పోతుంది. చిన్న ఇంజన్ల దక్షత సుమారు 20 శాతమే. అంటే వంద పాళ్ళ శక్తి ఇస్తే చక్రానికి చేరేది ఇరవై పాళ్ళు.

విద్యుత్ మోటారులో మంట లేదు. అయస్కాంత క్షేత్రంలో ఉన్న తీగచుట్టలో విద్యుత్తు ప్రవహిస్తే దానిపై బలం పనిచేస్తుందని మీరు పాఠంలో చదివారు. ఆ బలమే ఇరుసును త్రిప్పుతుంది. మోటారు, దానిని అదుపుచేసే కంట్రోలరు కలిపి సుమారు 85 శాతం దక్షతతో పనిచేస్తాయి.

ఇంకొక తేడా కూడా ఉంది. పెట్రోలు ఇంజను నిలిచి ఉన్నప్పుడు దానికి బలమే లేదు. ముందు అది తిరగాలి. కార్టు ఆగి ఉన్నప్పుడు కూడా ఇంజను నిదానంగా తిరుగుతూనే ఉంటుంది. యాక్సిలరేటరు నొక్కితే దాని వేగం పెరుగుతుంది. నిమిషానికి సుమారు 2000 చుట్లు దాటాక క్లచ్ లోపలి దిమ్మలు అపకేంద్ర బలంవల్ల బయటికి జరిగి డ్రమ్మును పట్టుకుంటాయి. అప్పుడు కార్టు కదులుతుంది.

మోటారుకు ఈ తంటా లేదు. మోటారు తిరుగుతున్నప్పుడు దానిలోనే ఒక వ్యతిరేక విద్యుచ్ఛాలక బలం పుడుతుంది. అది ప్రవాహాన్ని తగ్గిస్తుంది. నిలిచి ఉన్నప్పుడు ఆ వ్యతిరేకత ఉండదు కాబట్టి ఎక్కువ విద్యుత్తు ప్రవహించగలదు. తీగచుట్టలు మాడిపోకుండా కంట్రోలరు దానిని ఒక హద్దులో ఉంచుతుంది. అందుచేత మోటారు మొదటి క్షణంనుంచే పూర్తి బలంతో చక్రాన్ని త్రిప్పుతుంది. మలుపు తిరిగి మళ్ళీ వేగం అందుకోవడంలో ఇది ఎంతో మేలు.

అయితే విద్యుత్ కార్టే గెలిచిందా? తొందరపడకండి. మోటారు గెలిచింది, అంతే. మోటారుకు తిండి పెట్టే బ్యాటరీ సంగతి ఇంకా తేలలేదు.

టాంకీ, బ్యాటరీ: ఏది బరువు?

400 మీటర్ల ట్రాకు ఒకటి ఉందనుకుందాం. ఒక చుట్టుకు 40 సెకన్లు పడితే, 10 నిమిషాల్లో 15 చుట్లు, అంటే 6 కిలోమీటర్లు తిరగవచ్చు. అద్దెకిచ్చే కార్టులలో ఒక ఆట సాధారణంగా ఇంచుమించు ఇంతే సేపు ఉంటుంది. చక్రాలకు సగటున 2.5 కిలోవాట్ల సామర్థ్యం కావాలనుకుందాం. అది మూడున్నర అశ్వసామర్థ్యంకంటే కొంచెం తక్కువ.

ఇలా గంటసేపు నడపడానికి చక్రాల దగ్గర 2.5 యూనిట్ల శక్తి కావాలి. యూనిట్ అంటే మీ ఇంటి కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే. అది ఒక కిలోవాట్ గంట, అనగా 36 లక్షల జౌళ్ళు.

పెట్రోలు కార్టుకు: 2.5ను 0.20తో భాగిస్తే 12.5 యూనిట్లు. ఒక లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. కాబట్టి కావలసిన పెట్రోలు సుమారు 1.4 లీటర్లు. దాని బరువు ఒక కిలోకు కాస్త పైన.

విద్యుత్ కార్టుకు: 2.5ను 0.85తో భాగిస్తే ఇంచుమించు 3 యూనిట్లు. ఇంజనుకు కావలసినదానిలో నాలుగో వంతుకంటే తక్కువే! కాని ఈ 3 యూనిట్లను మోయడానికి ఎంత బరువు కావాలో చూడండి.

సీసం-ఆమ్లం బ్యాటరీ 1859లో ఫ్రాన్సు దేశపు ప్లాంటే కనిపెట్టినది. ఇందులో కిలో బరువుకు సుమారు 35 వాట్ గంటల శక్తి నిలవ ఉంటుంది. 3 యూనిట్లకు 86 కిలోల బ్యాటరీ కావాలి. కార్టుమీద ఇంకొక మనిషిని ఎక్కించినట్లే! లిథియం-అయాన్ బ్యాటరీలు 1991లో బజారులోకి వచ్చాయి. పెట్టె, తీగలతో సహా కిలోకు 120 వాట్ గంటలు వేసుకుంటే 25 కిలోలు సరిపోతాయి. విద్యుత్ కార్టు ఆటబొమ్మ స్థాయిని దాటి పనికివచ్చే బండి అయిందంటే అందులో లిథియం పాత్ర ఎంతో ఉంది.

ఒక కిలో ఎక్కడ, 25 కిలోలు ఎక్కడ! బరువు పెరిగితే మలుపుల్లో టైర్లు ఎక్కువ అరుగుతాయి, బ్రేకులకు శ్రమ ఎక్కువ. పైగా పెట్రోలు టాంకీ ఖాళీ అయ్యేకొద్దీ తేలికవుతుంది. బ్యాటరీ ఖాళీ అయినా దాని బరువు మాత్రం తగ్గదు.

నింపడానికి ఎంతసేపు?

ఇప్పుడు అసలు చిక్కు వస్తుంది. 1.4 లీటర్ల పెట్రోలును అర నిమిషంలో టాంకీలో పోయవచ్చు. 12.5 యూనిట్ల శక్తి అర నిమిషంలో చేరిందంటే దాని రేటు 1500 కిలోవాట్లు! గీజరుకు వాడే 15 ఆంపియర్ల ప్లగ్గు 230 వోల్టుల దగ్గర ఇవ్వగలిగేది 3.45 కిలోవాట్లు. దానితో 3 యూనిట్ల బ్యాటరీని నింపడానికి దాదాపు గంట పడుతుంది.

మరి ట్రాకు యజమాని ఏం చేయాలి? ఆయన దగ్గర 20 కార్టులు ఉన్నాయనుకుందాం. పది కార్టులు తిరుగుతుంటే మిగతా పది ఛార్జింగులో ఉంటాయి. పది నిమిషాల ఆటకు ఒక కార్టు అర యూనిట్ వాడుతుంది. దానిని పది నిమిషాల విరామంలో తిరిగి నింపాలంటే 3 కిలోవాట్లు కావాలి. పది కార్టులకు 30 కిలోవాట్లు. అంటే పది గీజర్లు ప్రొద్దుటినుంచి రాత్రివరకు ఆగకుండా పనిచేసినట్లు. దీనికి త్రీఫేజ్ కనెక్షను కావాలి. కరెంటు పోతే ఆట ఆగుతుంది. మే నెల ఎండల్లో బ్యాటరీలు వేడెక్కకుండా గాలి ఆడే ఏర్పాటు కూడా కావాలి. వేడి వాటి ఆయుష్షును తగ్గిస్తుంది.

కాని ఒక సంగతి గమనించండి. కార్టు ఎక్కడికో దూరం వెళ్ళదు. పది నిమిషాలకొకసారి బయలుదేరిన చోటికే వస్తుంది. ఛార్జింగ్ ప్లగ్గు అక్కడే ఉంటుంది. కాబట్టి గంటకు సరిపడే బ్యాటరీ ఉంటే చాలు, రోజంతా నడుస్తుంది. విద్యుత్ బండికి ఇంతకంటే అనువైన చోటు మరొకటి ఉండదు.

ఖర్చు చూద్దాం. పెట్రోలు లీటరు 100 రూపాయలు, కరెంటు యూనిట్ 10 రూపాయలు అనుకుంటే, పది నిమిషాల ఆటకు పెట్రోలు 23 రూపాయలు, కరెంటు 5 లేక 6 రూపాయలు. ఇంజనుకు ఆయిలు మార్చాలి, స్పార్క్ ప్లగ్ మార్చాలి, కార్బురేటరు శుభ్రం చేయాలి. మోటారుకు ఆ పని లేదు. కాని విద్యుత్ కార్టు కొనేటప్పుడు ధర ఎక్కువ, కొన్నేళ్ళకు బ్యాటరీ మార్చడం మరొక పెద్ద ఖర్చు.

కంటికి కనిపించని విషవాయువు

పైకప్పు క్రింద, నాలుగు గోడల మధ్య ఉండే ట్రాకులలో మాత్రం ఇది డబ్బు లెక్క కాదు, ప్రాణం లెక్క.

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 15 కిలోల గాలి కావాలి. గాలి చాలకపోతే కర్బనం సగమే మండి కార్బన్ మోనాక్సైడ్ తయారవుతుంది. చిన్న ఇంజన్ల పొగలో ఇది ఎక్కువగానే ఉంటుంది. దీనికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌కంటే దీనిని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అప్పుడు రక్తం ఆక్సిజన్‌ను మోయలేదు. మొదట తలనొప్పి, తలతిరుగుడు, వాంతి వచ్చినట్లుండడం. ఇంకా పీలిస్తే స్పృహ తప్పుతుంది, ప్రాణమే పోవచ్చు. ట్రాకులో ఆటగాడు కొద్దిసేపే ఉంటాడు, కాని అక్కడి పనివాళ్ళు రోజంతా ఆ గాలే పీలుస్తారు. అందుచేత మూసి ఉన్న ట్రాకులో పెట్రోలు కార్టులు నడపాలంటే గాలిని తోడిపోసే పెద్ద పంకాలు తప్పనిసరి. విద్యుత్ కార్టుకు పొగగొట్టమే లేదు. మ్రోత కూడా బాగా తక్కువ.

అయితే విద్యుత్ కార్టువల్ల పొగే లేదనడం సరికాదు. మనకు వచ్చే కరెంటులో చాలా భాగం రామగుండం, కొత్తగూడెం వంటి చోట్ల బొగ్గును మండించి తయారుచేసినదే. మన దేశంలో ఒక యూనిట్ కరెంటుకు సగటున సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. పది నిమిషాల ఆటకు ఛార్జింగులో పోయే నష్టం కూడా కలుపుకుంటే సుమారు 0.4 కిలోలు. లీటరు పెట్రోలు మండితే 2.3 కిలోలు, అంటే అదే ఆటకు పెట్రోలు కార్టు 0.5 కిలోకు పైగా వదులుతుంది. తేడా ఉంది, కాని అనుకున్నంత పెద్దది కాదు. సౌరశక్తి, గాలిమరల కరెంటు పెరిగేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది.

బ్రేకు వేస్తే తిరిగివచ్చే శక్తి

250 కిలోల బరువు (కార్టు, మనిషి కలిపి) గంటకు 45 కిలోమీటర్ల వేగంతో వచ్చి, మలుపు దగ్గర 27కు తగ్గిందనుకుందాం. సెకనుకు 12.5 మీటర్లనుంచి 7.5 మీటర్లకు. గతిజశక్తి సూత్రంతో లెక్కిస్తే తగ్గిన శక్తి 12,500 జౌళ్ళు. పెట్రోలు కార్టులో ఇదంతా బ్రేకుల వేడిగా పోతుంది. మోటారును బయటి బలం త్రిప్పితే అది జనరేటరు అవుతుంది కదా! కాబట్టి విద్యుత్ కార్టులో ఈ శక్తిలో కొంత బ్యాటరీకి తిరిగి చేరవచ్చు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా-ఇ పందెం జరిగింది. ఆ కార్లు పందెంలో వాడే శక్తిలో సుమారు 40 శాతం బ్రేకులనుంచే రాబట్టుకొనేలా తయారైనవి. ఈ పందేలు 2014లో మొదలైనప్పుడు బ్యాటరీ పందెం చివరివరకు వచ్చేది కాదు. డ్రైవర్లు మధ్యలో దిగి రెండవ కారెక్కేవారు! 2018 చివరిలో పెద్ద బ్యాటరీలున్న కార్లు వచ్చాకనే ఆ అవసరం తప్పింది. మోటారు మొదటినుంచీ మంచిదే. అడ్డుపడింది బ్యాటరీయే.

తీర్పు

ఇప్పుడు మన లెక్క తేలింది. పెట్రోలు కార్టు బలం ఇంజనులో లేదు, టాంకీలో ఉంది. విద్యుత్ కార్టు బలహీనత మోటారులో లేదు, బ్యాటరీలో ఉంది. కాబట్టి "ఏది మంచిది?" అని కాక, "ఎంతసేపు నడపాలి? ఎక్కడ నడపాలి? మళ్ళీ నింపడానికి ఎంత వ్యవధి ఉంది?" అని అడగాలి. ఆటలు చిన్నవై, చోటు పైకప్పు క్రిందదై, కరెంటు నమ్మకంగా ఉంటే విద్యుత్ కార్టు మేలు. ఆరుబయట గంటల తరబడి ఆగకుండా సాగే పందేలకు, త్రీఫేజ్ లైను లేని చోటికి నేటికీ పెట్రోలు కార్టే అనువు. మీ ఇంట్లో స్కూటరు కొనేటప్పుడు కూడా ఈ మూడు ప్రశ్నలే అడిగి చూడండి.

మీరే చేయండి

1. పై కార్టును మూడు గంటలు ఆగకుండా నడపాలంటే ఎంత పెట్రోలు కావాలి? ఎన్ని కిలోల లిథియం బ్యాటరీ కావాలి?

2. 250 కిలోల కార్టు గంటకు 45 కిలోమీటర్ల వేగంనుంచి పూర్తిగా ఆగితే ఎన్ని జౌళ్ళ శక్తి బ్రేకులకు చేరుతుంది?

3. మీ వీధిలోని ఒక పెట్రోలు స్కూటరు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందో, ఒక విద్యుత్ స్కూటరు యూనిట్‌కు ఎన్ని ఇస్తుందో అడిగి తెలుసుకోండి. కిలోమీటరుకు ఏది ఎన్ని జౌళ్ళు వాడుతున్నదో లెక్క కట్టండి.

జవాబులు: 1. పెట్రోలు సుమారు 4.2 లీటర్లు, బ్యాటరీ సుమారు 75 కిలోలు. 2. సుమారు 19,500 జౌళ్ళు. 3. ఇది మీ వీధి లెక్క. జవాబు మీ దగ్గరే ఉంది!