తాళంచెవి తిప్పితే లోపల ఏం జరుగుతుంది?

పోటీ పరీక్షల ప్రత్యేకం: జనరల్ సైన్స్

ఇళ్ల తలుపులకు ఎక్కువగా వాడేది పిన్ టంబ్లర్ తాళం. దీని పనితీరు తెలిస్తే స్ప్రింగ్, ఘర్షణ వంటి అంశాలూ సులువుగా గుర్తుంటాయి.

ముఖ్య భాగాలు
* ప్లగ్: చెవి దూర్చే గుండ్రటి భాగం. ఇది తిరిగితేనే గడియ కదులుతుంది.
* పిన్నులు: సాధారణంగా 5 లేదా 6 జతలు. ప్రతి జతలో కింద కీ పిన్, పైన డ్రైవర్ పిన్ ఉంటాయి.
* స్ప్రింగులు: పిన్నులను కిందికి నొక్కి ఉంచుతాయి.

పనిచేసే తీరు
చెవి లేనప్పుడు డ్రైవర్ పిన్నులు సగం ప్లగ్‌లో, సగం బయటి గూడులో ఉండి ప్లగ్‌ను తిరగనివ్వవు. సరైన చెవి పెడితే దాని గాట్లు ఒక్కో జతనూ కావలసినంత ఎత్తుకే లేపుతాయి. అప్పుడు జతల కలయిక స్థానాలన్నీ ప్లగ్ అంచుకు సరిగ్గా చేరతాయి. ఆ అంచే షియర్ లైన్. ఒక్క గాటు లోతు తేడా వచ్చినా ప్లగ్ తిరగదు.

గుర్తుంచుకోండి
* పిన్నులతో పనిచేసే చెక్క తాళాలు ప్రాచీన ఈజిప్టులోనే ఉండేవి.
* 1848: అమెరికాకు చెందిన లైనస్ యేల్ సీనియర్ పిన్ టంబ్లర్ తాళానికి పేటెంట్ పొందారు. ఆయన కుమారుడు 1860లలో దాన్ని మెరుగుపరిచి, బల్లపరుపు చెవిని తెచ్చారు.
* తాళాల నగరం: అలీగఢ్ (ఉత్తరప్రదేశ్).
* 2019లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు పొందినది: దిండిగల్ తాళం (తమిళనాడు).

మాదిరి ప్రశ్న
దిండిగల్ తాళం ఏ రాష్ట్రానికి చెందినది?
1) కేరళ 2) తమిళనాడు 3) కర్ణాటక 4) ఉత్తరప్రదేశ్
జవాబు: 2