బాలల అక్రమ రవాణా – ఊరు అడగవలసిన ప్రశ్నలు



'బాలల అక్రమ రవాణా' అనగానే మన ఊళ్ళలో చాలామందికి పిల్లల్ని గోనెసంచిలో వేసుకుపోయే దొంగ గుర్తొస్తాడు. అవగాహన సదస్సుల్లో కట్టే బ్యానర్లు కూడా అలాగే ఉంటాయి. చేతులకు సంకెళ్ళు, ఏడుస్తున్న పాప, వెనుక ఒక నల్లటి నీడ. ఆ బొమ్మ చూసిన తల్లి "మా ఊర్ల అసుంటి దొంగలు లేరు" అనుకుని ఇంటికి పోతుంది. నిజానికి పల్లె నుంచి పిల్ల పోయేది తెలిసిన మనిషి వెంటే. పట్టపగలు, కొత్త బట్టలు కట్టుకుని, అమ్మానాన్నలకు చెప్పే పోతుంది. ఆ మనిషి మేస్త్రీ కావచ్చు, దూరపు చుట్టం కావచ్చు, నిరుడు పక్క ఊరి పిల్లల్ని పనికి తీసుకుపోయిన ఆమే కావచ్చు.

చట్టం కూడా ఈ తెలిసిన మనిషిని వదిలిపెట్టలేదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ ప్రకారం, దోపిడీ కోసం ఒక మనిషిని బలవంతంగానో, మోసంతోనో, ఆశ చూపో కుదుర్చుకోవడం, తరలించడం, ఆశ్రయమివ్వడం, అప్పగించడం, తీసుకోవడం అన్నీ నేరమే. పిల్ల మీద అధికారమున్నవారికి డబ్బిచ్చి ఒప్పించడం కూడా ఆశ చూపడం కిందికే వస్తుంది. "పిల్ల ఇష్టపడే వచ్చింది" అన్న మాట చెల్లదు. రాష్ట్రం దాటించాలన్న నియమం లేదు, పక్క మండలమైనా సరే. బాలల విషయంలో శిక్ష పదేళ్ళకు తగ్గదు, యావజ్జీవం దాకా పోవచ్చు.

మన పాలమూరు, కర్నూలు ప్రాంతాల సీడ్ పత్తి చేలనే తీసుకుందాం. హైబ్రిడ్ విత్తనం కోసం సాయంత్రం మొగ్గ విప్పి అందులోని కేసరాలు తీసేయాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి పుప్పొడి అద్దాలి. దీన్నే క్రాసింగు అంటారు. రెండు మూడు నెలలపాటు ఒక్కరోజు కూడా ఆపడానికి లేదు. సరిగ్గా బడి నడిచే రోజులే ఇవి. "చిన్న పిల్లల వేళ్ళు బాగా ఆడుతాయి" అని రైతులు చెబుతారు. మాకు ఆ మాట మీద నమ్మకం లేదు. పెద్దవాళ్ళ వేళ్ళు కూడా ఆడుతాయి, కూలి మాత్రం ఎక్కువ అడుగుతారు. అందుకే విత్తు వేయకముందే మేస్త్రీ వచ్చి తల్లిదండ్రుల చేతిలో అడ్వాన్సు పెట్టిపోతాడు. పిల్ల పేరు ఆనాడే అప్పు లెక్కలోకి ఎక్కుతుంది.

మేము ఎం.ఎస్.డబ్ల్యూ. క్షేత్రకార్యంలో భాగంగా మహిళా సంఘాల సమావేశాలకు వెళ్ళినప్పుడు, చట్టం గురించి ఎంత చెప్పినా చివరికి వచ్చే ప్రశ్న ఒక్కటే: "బిడ్డా, తీసుకున్న పైసలు ఎట్ల కట్టాలె?" దీనికి జవాబు చెప్పలేని సదస్సు వల్ల ప్రయోజనం లేదు. జవాబు 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టంలో ఉంది. మనిషి చాకిరీకి ముడిపెట్టి ఇచ్చిన అప్పు ఆ చట్టం కింద రద్దయిపోతుంది. రద్దయిన అప్పును తిరిగి వసూలు చేసుకుంటే మూడేళ్ళ దాకా జైలు. కలెక్టరుకో, ఆర్.డి.ఓ.కో దరఖాస్తు పెట్టాలి. ఈ సంగతి తెలిసిన రోజున తండ్రి పిల్లను తీసుకురావడానికి బస్సెక్కుతాడు.

పేదరికం పోనిదే ఇదంతా ఆగదని చాలామంది వ్యాసాల్లో రాస్తారు. రంగారెడ్డి జిల్లా అనుభవం వేరుగా ఉంది. అక్కడ ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 నుంచి, ప్రొఫెసర్ శాంతా సిన్హా గారి నాయకత్వంలో, బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే అన్న లెక్కతో పనిచేసింది. ఊరి యువకులు ఇల్లిల్లూ తిరిగారు. పనినుంచి వచ్చిన పిల్లల్ని కొన్ని నెలలు శిబిరంలో చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్పించారు. పేద తల్లిదండ్రులే ముందుకొచ్చి పంపారు. 2003లో శాంతా సిన్హా గారికి రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఆ కృషిలో మాకు నచ్చినది పేరుపేరునా లెక్క పెట్టడం. ఊళ్ళో ఎందరు పిల్లలున్నారో, ఈరోజు ఎక్కడున్నారో ఊరికి తెలిస్తే మేస్త్రీకి చోటుండదు.

ఇటుక బట్టీలు, ఇంటిపని, జోగిని ఆచారం – దారులు ఇంకా ఉన్నాయి. 2015 జనవరిలో హైదరాబాదు పాతబస్తీ గాజుల కార్ఖానాల్లో పోలీసులకు దొరికిన పిల్లల్లో ఎక్కువమంది బీహారు పల్లెలవాళ్ళు. వాళ్ళ ఇళ్ళకూ ముందుగా చేరినవి తియ్యటి మాటలు, కొంత రొక్కం.

కాబట్టి పిల్ల ఊరు దాటేముందే అడగాలి. ఎవరి వెంట పోతోంది? పని ఏమిటి, యజమాని ఎవరు? చేతికి ఎంత ఇచ్చారు? బడి సంగతేమిటి? అడగవలసింది తల్లిదండ్రులొక్కరే కాదు. సర్పంచ్, అంగన్‌వాడీ టీచరు, బడి పంతులు ఉండే గ్రామ బాలల పరిరక్షణ కమిటీలో ఇద్దరు పిల్లలకు కూడా చోటుంది. చాలా ఊళ్ళలో ఈ కమిటీ కాగితం మీదే ఉంది. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మీ ఊరి కమిటీలో ఎవరున్నారో పంచాయతీ కార్యదర్శి గారిని అడగండి. ఆ ఇద్దరు పిల్లల పేర్లు కూడా అడగండి.

హాస్టల్లో మన పని మరింత దగ్గరిది. దసరా సెలవుల తర్వాత పక్క ట్రంకు పెట్టె తెరుచుకోకపోతే వారం ఆగవద్దు. ఆ రోజే వార్డెన్ గారికి చెప్పాలి. వాళ్ళ ఊరివాళ్ళు ఎవరైనా ఉంటే కబురు పెట్టాలి. తిరిగొచ్చిన పిల్లను "మధ్యలో వచ్చావు, కాగితాలు లేవు" అని బడి తిప్పి పంపకూడదు. 2010 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళకు ఆ భరోసా ఇచ్చింది. చదువు ఆగిపోయిన ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాలు ఉన్నాయి.

ఆపదలో 1098కి ఫోను చేయండి, డబ్బు పడదు. 2023 నుంచి ఈ సేవను ప్రభుత్వమే నడుపుతోంది, 112తో కలిపారు. పిల్ల పేరు, వయసు, ఊరు, వెంట ఉన్న మనిషి, ఎక్కిన బండి నంబరు, బయలుదేరిన వేళ – తెలిసినంత చెప్పండి. అన్నీ తెలిసేదాకా ఆగితే బండి జిల్లా దాటిపోతుంది.