చదరంగ యంత్రముల బలాబలములు

కొమురవెల్లి మల్లన్న జాతరలో వర్తకుడు సరకు తూచి యిచ్చునప్పుడు త్రాసునందు ఒక ప్రక్క సరకును, మరియొక ప్రక్క తూనికరాతిని ఉంచును. రాయి సరియైనదైనచో తూకమును సరియైనదే యగును. కాని బుద్ధిబలమును తూచుటకు అట్టి రాయి యెచ్చటను లేదు. అట్లయిన, ఇరువురు చదరంగపు ఆటగాండ్రలో ఎవరు అధికులో, ఎంత అధికులో నిర్ణయించుట యెట్లు?

హంగరీ దేశమున జన్మించి, అమెరికాలో భౌతికశాస్త్రాచార్యుడై యుండిన ఆర్పాడ్ ఎలో ఇందులకొక మార్గము చూపెను. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1970లో దానిని స్వీకరించెను. గెలుపునకు ఒక పాయింటు, డ్రాకు అర పాయింటు చొప్పున లెక్కింతురు. ఇరువురి రేటింగు సమానమైనచో చెరి సగము పాయింట్లు రావలెను. 200 తేడా యున్నచో అధికునికి నూరింట సుమారు 76 పాయింట్లు రావలెను. అంతకు మించి వచ్చిన రేటింగు పెరుగును, తగ్గిన తరుగును. 2016 వరకు మన కొమురవెల్లియు వరంగల్లు జిల్లాలోనిదే. ఆ వరంగల్లునకు చెందిన అర్జున్ ఎరిగైసి 2024 డిసెంబరు జాబితాలో 2801 రేటింగు పొందెను. విశ్వనాథన్ ఆనంద్ తరువాత ఆ జాబితాలో 2800 దాటిన రెండవ భారతీయుడు ఇతడే.

మనుష్యులను కొలుచు ఈ పద్ధతియే యంత్రములకును వర్తించును. అయితే అందు మెలకువలు కొన్ని కలవు.

1996లో డీప్ బ్లూ అను యంత్రము ప్రపంచవిజేతయైన కాస్పరోవ్‌తో ఆరు ఆటలాడి 4–2 తేడాతో ఓడిపోయెను. మరుసటి యేడు, మరింత మెరుగుపరచిన పిమ్మట, 3½–2½ తేడాతో గెలిచెను. అది క్షణమునకు ఇరువది కోట్ల స్థితులను పరిశీలింపగలిగెడిది. లోకము విస్తుపోయెను. కాని విద్యార్థులారా, ఆరు ఆటలతో బలమును కచ్చితముగా కొలువవచ్చునా? సమబలము గల రెండు యంత్రములు నూరు ఆటలాడినను, కేవలము యాదృచ్ఛికముగా ఫలితము 55–45 కావచ్చును. ఆటలు పెరిగిన కొలది యాదృచ్ఛికత ప్రభావము తగ్గును.

ఆటల సంఖ్య మాత్రమే చాలదు. పరిస్థితులును సమముగా నుండవలెను. 2017 డిసెంబరులో ఆల్ఫాజీరో అను నూతన యంత్రము స్టాక్‌ఫిష్ అను ప్రసిద్ధ యంత్రముతో నూరు ఆటలాడెను. 28 గెలిచి, 72 డ్రా చేసి, ఒక్కటియు ఓడలేదు. అనగా 64 పాయింట్లు. ఎలో లెక్క ప్రకారము ఇది సుమారు 100 రేటింగు తేడా. అప్పుడు పలువురు నిపుణులు ఆక్షేపించిరి. ప్రతి యెత్తునకును ఒక్క నిమిషమే నియమించుటచే, కఠిన సమయమున ఎక్కువ ఆలోచించు స్టాక్‌ఫిష్ నేర్పు వ్యర్థమైనదనియు, దానికిచ్చిన జ్ఞాపకశక్తియు కొంచెమే యనియు వారి వాదము. పరిశోధకులు ఆ లోపములను సవరించి, వేయి ఆటలాడించి, 2018 డిసెంబరులో ఫలితములను ప్రకటించిరి. ఆల్ఫాజీరో 155 గెలిచి, 6 ఓడెను, తక్కినవి డ్రాలు. ఇప్పుడు లెక్క చూడగా తేడా సుమారు 50 మాత్రమే! అధికుడు అధికుడే, కాని ఆధిక్యము సగమయ్యెను.

కావుననే నేటి పరీక్షకులు కొన్ని నియమములు పాటింతురు. రెండు యంత్రములకును ఒకే తరగతి కంప్యూటరు, ఒకే కాలపరిమితి నిత్తురు. మొదటి యెత్తు నుండి ఆడించినచో బలమైన యంత్రముల ఆటలలో అధికభాగము డ్రాలగును. అందుచే ఎంపిక చేసిన ప్రారంభపు స్థితుల నుండి ఆడింతురు. ఒకే స్థితిలో ఒక మారు తెల్లపావులు, మరియొక మారు నల్లపావులు ఇచ్చుటచే ఎవరికిని అన్యాయము జరుగదు. స్టాక్‌ఫిష్‌లో చిన్న మార్పు చేయవలసి వచ్చినను, 2013 నుండి స్వచ్ఛందముగా కంప్యూటర్లను అందించువారి సాయముతో వేలకొలది ఆటలాడించి, మేలు కలిగిన పిమ్మటనే దానిని స్వీకరించుచున్నారు.

ఇంకొక మాట. యంత్రముల జాబితాలలో 3500కు మించిన రేటింగులు కానవచ్చును. దాని నుండి అర్జున్ 2801 తీసివేసి తేడా ఇంత యనుట తగదు. యంత్రములు యంత్రములతోడను, మనుష్యులు మనుష్యులతోడను ఆడి పొందిన అంకెలవి. రెండు బడులు వేరువేరు ప్రశ్నపత్రములతో పెట్టిన పరీక్షల మార్కులను పోల్చినట్లే యగును. నేటి యంత్రములు మనుష్యులను మించినవనుట నిజము. ఎంత మించినవో ఆ తీసివేత చెప్పజాలదు.

రేటింగనగా ఒకరిలో దాగియున్న వస్తువు కాదు. ఇతరులతో పోల్చి కట్టిన లెక్క. ఎవనినైనను ఒక్క పరీక్షతో తెలివితక్కువవాడని నిర్ణయింపబోవు వేళ మూడు ప్రశ్నలు వేసికొనుడు: పోటీ ఎవరితో? ఎన్ని మారులు? పరిస్థితులు సమమేనా? యంత్రమునకు చూపు ఈపాటి న్యాయము తోటి మనుష్యునకు చూపకుండుట తగునా?